శాలువా కప్పుతారట, ఎక్కడ?

కాస్త పొడుగు పోస్టు. ఓపిక లేకపోతే మధ్యలో వదిలేయండి, ఫరవాలేదు. చదవకుండా కింద దండం బొమ్మ మాత్రం పెట్టకండి.

పోయిన ఆదివారం మీటింగుకు రానివాళ్ళ కోసం చెప్తున్నాను. మన సభ్యుల్లో ఒకరి కూతురు వీల్‌చైర్ వాడే ఆడపిల్లల అందాల పోటీకి ఎంపికైంది. తనకూ, తోడు వెళ్ళే మనిషికీ అయ్యే ప్రయాణ ఖర్చులో కొంత సంఘం ఇస్తుందా అని వాళ్ళ నాన్నగారు అడిగారు. పది నిమిషాల్లో తేల్చేశాం. అందాల పోటీలు మన సంస్కృతి కాదు, డబ్బివ్వం. ఒక పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు: "పాపం, ఆ పిల్లను అంతమంది ముందు కూర్చోబెట్టి చూడడం ఏం మర్యాదమ్మా? గెలిచొస్తే ఉగాదికి పిలిచి శాలువా కప్పుదాం." అందరూ తలూపారు. నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు సంస్కృతి సంగతి. పోయిన దసరాకు మన హాల్లోనే ఆడవాళ్ళకు పోటీ పెట్టాం. చీరకట్టుకు, నడకకు, నవ్వుకు మార్కులు. మొదటి బహుమతి కుక్కర్. మార్కులు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు సంస్కృతి ఎవరికీ గుర్తు రాలేదు. కాబట్టి మన అభ్యంతరం పోటీ మీద కాదు, నడవలేని పిల్ల అందులో ఉండడం మీద.

అందాల పోటీలంటే నాకూ పెద్ద ఇష్టం లేదు. కానీ ఇవన్నీ ఒకే రకం కాదు. అమెరికాలో 1972లో ఒహాయోకు చెందిన ఒక డాక్టరు మొదలుపెట్టిన మిస్ వీల్‌చైర్ పోటీలో ముఖం, ఒళ్ళు చూసి మార్కులు వేయరు. ఏం సాధించింది, తనలాంటివాళ్ళ తరఫున ఎంత గట్టిగా మాట్లాడగలదు అన్నది చూస్తారు. ఇక 2017లో పోలండ్ రాజధాని వార్సాలో జరిగిన మిస్ వీల్‌చైర్ వరల్డ్‌లో గౌన్లు, కిరీటం అన్నీ ఉన్నాయి, దాచను. దానికి మన దేశం నుంచి మన బెంగళూరు దంతవైద్యురాలు డాక్టర్ రాజలక్ష్మి గారు వెళ్ళారు. 2007లో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతింది. ఆ తర్వాత పై చదువు పూర్తి చేశారు, 2014లో మిస్ వీల్‌చైర్ ఇండియా అయ్యారు, వార్సా నుంచి మిస్ పాపులారిటీ బిరుదుతో వచ్చారు. ఆమెను చూసి "పాపం" అనే ధైర్యం మనలో ఎవరికైనా ఉందా?

"మర్యాద" అన్న మాట మన ఒక్కరిదే కాదు. కంబోడియాలో మందుపాతరల వల్ల కాళ్ళు పోయిన స్త్రీలకు 2009లో ఇలాంటి పోటీ పెడితే, అది వికలాంగుల గౌరవానికి భంగమని ప్రభుత్వమే ఆపేసింది. మేం పాల్గొంటామని ఆ ఆడవాళ్ళు ఒప్పుకున్నాకే!

మర్యాద గురించి నాకు ఇంకోటి తెలుసు. మా చెల్లెలికి చిన్నప్పుడు పోలియో. నా పెళ్ళిచూపుల రోజు మగపెళ్ళివారు వెళ్ళేదాకా దాన్ని వెనక గదిలో ఉంచారు. "అక్కకు మంచి సంబంధమమ్మా, చప్పుడు చేయకు" అని అమ్మ చెప్పింది. అదీ సరేనంది. పొద్దున్నే లేచి డికాక్షన్ తీసింది, కాఫీ కలిపింది, నా పాత పట్టు లంగా కట్టుకుని పోయి గదిలో కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక తలుపు తీస్తే అడిగిన మొదటి మాట, "అక్కా, కాఫీ బాగుందన్నారా?" అవునని అబద్ధం చెప్పాను. కాఫీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. దానికి పెళ్ళి ఊసే మా ఇంట్లో ఎత్తలేదు. మన ఇళ్ళలో ఆ గదులకు కొదవ లేదు, మీకూ తెలుసు. వాటిలో నుంచి ఒక పిల్ల తనంతట తాను లైట్ల కిందకు వస్తానంటే, అప్పుడు మనకు మర్యాద గుర్తొచ్చింది.

సరే, శాలువా. ఎక్కడ కప్పుతారు? హాల్లోకి రావడానికి 5 మెట్లు, స్టేజీకి ఇంకో 4. పోయిన ఉగాదికి పక్షవాతం వచ్చిన పెద్దాయన్ను నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఉత్సవ విగ్రహంలా ఎత్తుకెళ్ళారు. ఆ ఫొటో "సేవ" అని గ్రూపులో పెట్టుకున్నాం. ఆయన ముఖం చూశారా అందులో? కుర్చీ అంచులను రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

వికలాంగులు కాదు, దివ్యాంగులు అనాలని మీటింగులో ఒకరు నన్ను దిద్దారు. అలాగే అందాం. 2016 చట్టం మాత్రం ప్రజలు వాడుకునే ప్రైవేటు భవనాన్ని కూడా పబ్లిక్ భవనంగానే లెక్కపెడుతుంది. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మన హాలూ అందులోకే వస్తుందని నా వాదన. లెక్క కష్టం కాదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. బయటి మెట్లు మొత్తం రెండున్నర అడుగులు, అంటే 30 అడుగుల ర్యాంపు. మనం స్కూటర్లు నిలిపే గోడ పక్క అంతకంటే ఎక్కువ చోటుంది. స్టేజీ 2 అడుగులు, 24 అడుగుల ర్యాంపు చాలు, పక్కన స్టోరు గదిలోని పాత బెంచీలు తీసేస్తే పడుతుంది.

నేను అడిగేవి రెండు. ఆ అమ్మాయి ప్రయాణ ఖర్చు మళ్ళీ ఎజెండాలో పెట్టండి, ఈసారి ఆమెనే పిలిచి మాట్లాడనివ్వండి. మీటింగు హాలు బయట, చెట్టు కింద పెట్టండి, లోపలికి ఆమె రాలేదు కదా. రెండోది ర్యాంపు. వచ్చే ఆదివారం 10 గంటలకు మేస్త్రీ కొలతలకు వస్తానన్నాడు. నేను అక్కడే ఉంటాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.