నానీమా ఖత్ ఎవరు చదవాలి?

పోయిన ఈద్‌కి మా బేటీకి వాళ్ల నానీమా ఈదీ కవరు పంపింది. డబ్బుతోపాటు ఉర్దూలో నాలుగు వరసల ఖత్ ఉంది. పిల్ల నోట్లు తీసుకుని కాగితం నా చేతిలో పెట్టింది. "అబ్బా, తుమీచ్ పడ్‌కే సునావ్."

నాజిరా చదివిన పిల్లే, హర్ఫులు తెలుసు. జేర్-జబర్ లేని ఉర్దూ చేతిరాత మాత్రం చదవలేదు. కసూర్ ఆమెది కాదు. ఇంగ్లీషు మీడియం ఫారం మీద దస్తఖత్ చేసింది నేనే.

ఎందుకు చేశాను? నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేశాను. ఇంటర్వ్యూకి వెళ్లిన చోటల్లా నా ఇల్మ్ కన్నా ముందు నా ఇంగ్లీషుని తూచారు.

ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్దియూ దీన్నే సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. అమీర్ల ఇంట్లో పిల్లలకు ఊరికే అబ్బే భాషనీ, మాటతీరునీ బడి తెలివిగా లెక్కేస్తుంది. గరీబ్ ఇంటి ఇల్మ్‌కి మార్కులుండవు. గ్లోబలైజేషన్ వచ్చాక ఆ తరాజులో ఇంగ్లీషు ఇంకా బరువెక్కింది.

ఉర్దూలో కమీ ఉందా? 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పింది. అందుకు కావలసిన కితాబుల్ని దారుల్ తర్జుమా తయారుచేసింది. హుకూమత్ వెనక నిలబడితే ఏ జబాన్ అయినా నడుస్తుంది.

ఇప్పటి హుకూమత్‌లు తలోవైపు లాగుతున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు తన బళ్లలో ఇంగ్లీషు మీడియం అంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పమంది. మాతృభాష గురించి మనకు నసీహత్ చేసేవాళ్లలో ఎందరి పిల్లలు ఆ బళ్లకు వెళ్తున్నారు?

నేను ఇంగ్లీషు వద్దనను. అది మన పిల్లల హఖ్. కానీ బోర్డు మీద మీడియం పేరు మార్చినంత మాత్రాన తాలీమ్ రాదు. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లకి దాన్ని మొదటినుంచీ ఓపిగ్గా నేర్పే టీచరు కావాలి. అదే బడిలో ఉర్దూ సబ్జెక్టు చెప్పే ఉస్తాద్ కూడా ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది లాక్కుంటే అది ఇన్సాఫ్ కాదు. వాలిదైన్‌గా మనం రెండూ కలిపే అడగాలి.

అప్పటిదాకా మా ఇంట్లో మగ్రిబ్ తర్వాత పావుగంట ఉర్దూ చదువు. నానీమాకు జవాబు ఈసారి మా బేటీయే రాయాలి.