మిద్దె విప్పక ముందు వేయవలసిన లెక్క

షవ్వాల్ నెలలో ఒకనాటి సాయంత్రం మా మదరసాలో చదువుకొనే ఒక బాలుని తల్లి మా ఇంటికి వచ్చారు. భర్త మరణించి మూడేళ్ళయింది. కుట్టు మిషను మీద సంసారం నడుస్తున్నది. ఆమె మా ఇంటావిడ చేతికిచ్చిన కాగితంపై మేస్త్రీ వ్రాసిన అంకె ఒక్కటే ఉన్నది: లక్షా ముప్పై వేలు. “మట్టి మిద్దె విప్పి స్లాబు వేయడానికి ఇది సరిపోతుందా, హజ్రత్? అంతవరకు కూడబెట్టుకున్నాను,” అన్నారు.

సరిపోదని మాకు వెంటనే తెలిసింది. తెలివితేటల వల్ల కాదు, దెబ్బ తిన్న అనుభవం వల్ల. మేము కూడా కొన్నేళ్ళ క్రితం నందికొట్కూరులోని మా పాత మిద్దెను ఇటువంటి ఒంటి అంకెను నమ్మి విప్పించాము. స్లాబు ఖర్చు మేస్త్రీ చెప్పినంతే అయినది. అతడు అబద్ధమాడలేదు. అయితే అతడు చెప్పినది స్లాబు లెక్క, మేము వేసుకోవలసినది ఇంటి లెక్క. ఆ రెంటి నడుమ తేడా మా జీతంలో అయిదు నెలలు తిన్నది.

పొడవు ముప్పై అడుగులు, వెడల్పు ఇరవై అడుగులు గల ఇల్లనుకొందాము. ఆరువందల చదరపు అడుగులు. అయిదు అంగుళాల మందం స్లాబు వేస్తే 250 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో కలిపితే సుమారు 57 బస్తాల సిమెంటు, 105 ఘనపుటడుగుల ఇసుక, దానికి రెండింతల కంకర కావాలి. ఇనుము గదుల వెడల్పును బట్టి మారుతుంది. మామూలు ఇళ్ళకు అయిదు క్వింటాళ్ళ అటూ ఇటూ అనుకొనవచ్చును. ఈ పరిమాణాలను ఊరిలోని ధరలతో హెచ్చించి, సెంట్రింగు అద్దె, పోత కూలి కలిపితే మేస్త్రీ చెప్పిన అంకె వస్తుంది. ఆమె కాగితంలోని మొత్తం కూడా దాదాపు అక్కడికే వచ్చింది.

ఇక ఆ కాగితంలో లేనివి చూడండి. మొదటిది పాత మిద్దెను దింపే ఖర్చు. మన ప్రాంతపు మిద్దె అంటే దూలాలు, వాటిపై దంతెలు, దంతెలపై చెక్కలో బండలో, ఆపైన మట్టి, అన్నింటికీ పైన చౌడు. వాన కురిసినప్పుడల్లా కారిన చోట మరికొంత చౌడు పోయడం పెద్దల నాటి అలవాటు. అలా ఏళ్ళ తరబడి పెరిగిన మట్టి ఒక అడుగు మందం ఉన్నా, ఆరువందల అడుగుల ఇంటిపై అది సుమారు ఇరవై ఎనిమిది టన్నులు. దాని స్థానంలో వచ్చే స్లాబు పద్ధెనిమిది టన్నులకు మించదు. స్లాబే బరువని చాలామంది భయపడతారు గాని సంగతి తలక్రిందులు. ఆ మట్టినంతా గంపలతో దింపి ట్రాక్టర్లకు ఎత్తాలి. పొలానికి వేసుకొనే రైతు దొరికితే మోత ఖర్చు తప్పుతుంది. మేము అడగలేదు, కిరాయి కట్టాము.

రెండవది గోడ. బురదతో కట్టిన రాతి గోడ పైవరుసలు దూలాలు తీయగానే కదలిపోతాయి. వాటిని సరిచేసి, గోడ చుట్టూ కాంక్రీటు పట్టీ పోస్తేనే స్లాబు సమంగా కూర్చుంటుంది. గోడ నిలువునా చీలి ఉంటే మాత్రం స్లాబు మాట మాని ముందు గోడ చూసుకోవాలి.

మూడవది నీరు. స్లాబుపై మడులు కట్టి రెండు అంగుళాల నీరు నిలపాలంటే ఒక్కసారికి 2,800 లీటర్లు. మన ఎండలకు ఆ నీరు రోజూ తరుగుతుంది. కనీసం రెండు వారాలు తడి ఆరకూడదు. వేసవిలో కె.సి. కాలువ ఎండి, ఇంటి బోరు నోరు తెరిస్తే ట్యాంకరే దిక్కు. ఆపైన పిట్టగోడ, లోపలి పూత, కరెంటు తీగలు, నెలన్నర అద్దె ఇల్లు. ఆమె కాగితానికి ఇవన్నీ కలిపితే రెండు లక్షల పదివేలు దాటింది. రాబడి వైపు వ్రాసుకొనదగినది ఒక్కటే, పాత దూలాల అమ్మకం. చెద పట్టని టేకు దూలానికి మంచి ధర పలుకుతుంది. దింపే కూలికి బదులుగా వాటిని ఇచ్చివేయకండి. మేము ఇచ్చివేశాము.

ఆ ఎనభై వేలు ఎక్కడివి? మా భయమంతా ఇక్కడే. విప్పిన కప్పును తిరిగి పెట్టలేము. ఆకాశం క్రింద పిల్లలతో నిలబడిన మనిషి వడ్డీ హరామని ఎరిగి కూడా వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున ఎనభై వేలకు నెలకు 2,400, ఏడాదికి 28,800. అసలు మాత్రం అలాగే ఉంటుంది. అటువంటి ఇళ్ళను మేము మా వీధిలోనే చూశాము. వడ్డీ పాపమని మింబరు మీద నుండి చెప్పే మేము, ఆ గడపకు చేర్చే తప్పుడు లెక్కను గురించి ఎన్నడూ చెప్పలేదు.

ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే మానుకోమంటారా?” అన్నారు. మానుకోవద్దన్నాము. ఇంటి మధ్యలో అడ్డగోడ ఉన్నది. కారుతున్నవి వెనుక భాగపు రెండు గదులే. కొత్త స్లాబు అంచు ఆ అడ్డగోడపై ఆగుతుంది గనుక సగం ఇప్పుడు వేసి, సగం తరువాత వేయవచ్చును. మేస్త్రీని పిలిపించి అడిగితే అతడూ ఒప్పుకొన్నాడు. సగం పని, ఇంటి లెక్కన, లక్షా పదిహేను వేలకు తేలింది. సగమే అయినా గోడపట్టీ, తీగలు, ట్యాంకరు ఖర్చులు సరిగ్గా సగానికి తగ్గవు. ముందు గదులలోనే కాపురం కనుక అద్దె మిగిలింది.

ఆమె అన్నగారు ఇరవై వేలు కర్జె హసనాగా ఇస్తామన్నారు, చేతిలో ఏదో ఒకటి ఉండాలని. అన్నాచెల్లెళ్ళ నడుమ కాగితమెందుకని ఆయన నొచ్చుకున్నారు. దివ్యఖుర్ఆన్‌లోని అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పును వ్రాసుకొనుటను గురించినదేనని గుర్తు చేశాము. గడువు, మొత్తం వ్రాసి ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. మేస్త్రీతో కూడా అలాగే వ్రాయించాము: ఎన్ని అంగుళాలు, ఎంత ఇనుము, సెంట్రింగు విప్పేది ఎన్నవ రోజు, డబ్బు ఏ దశలో ఎంత.

పోత పోసిన నాడు మేమూ వెళ్ళాము. ముందు గదుల మట్టి మిద్దెపై వానలకు ముందే కొత్త చౌడు వేయించాలని రెండు ట్రాక్టర్లు తెప్పించి ఉంచారామె. ఆ ఖర్చు మా లెక్కలో లేదు. ఆమె కాగితంలో మాత్రం ఉన్నది.