కాందిశీకులు – కర్త లేని వాక్యాలు



శరణు కోరి వచ్చినవారిపై వెలువడే అభిప్రాయ వ్యాసాలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. తెలుగు పండితుణ్ణి కనుక నా చూపు వాదంకన్నా ముందు మాటమీదికి పోతుంది. సగం వాదం అక్కడే ముగుస్తున్నదని నా అభిప్రాయం.

మొదటిది పేరు. ఏ దిక్కుకు పోదునా అని భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. రక్షణ కోరేవాడు శరణార్థి. దొంగదారిన దూరినవాడు చొరబాటుదారు. మనిషి ఒక్కడే, పేరు మారితే పాఠకుని తీర్పు మారుతుంది. మా పల్నాటి కథలో కోడిపోరులో ఓడి ఏడేళ్ళు ఊరు విడిచిన మాచర్లవారిని ఎవరూ వలసజనమని అనరు. ఆ వీరులకు కారెంపూడిలో ఏటా ఉత్సవం చేస్తాము.

రెండవది ఉపమానం. వెల్లువ, ఉప్పెన, పోటు అని వ్రాస్తారు. నీటికి ఆకలి లేదు, పిల్లలు లేరు. కట్ట వేయడమొక్కటే ఉపాయం. ఉపమానాన్ని ఒప్పుకున్న పాఠకుడు ముగింపునూ ఒప్పుకున్నట్లే.

మూడవది క్రియ. 'వచ్చి పడ్డారు' అంటారు. తరిమిన కర్త ఆ వాక్యంలో కనబడడు. 2017లో మయన్మార్ సైన్యం దాడులవల్ల ఏడు లక్షలకు పైగా రొహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే కొన్ని వేలమంది హైదరాబాదు చేరి, ఎక్కువగా బాలాపూర్ పరిసరాలలో గుడిసెలు వేసుకున్నారు. 'వచ్చి పడ్డారు' అన్న మాటలో ఆ సైన్యమూ లేదు, వారికి పౌరసత్వం లేకుండా చేసిన 1982 నాటి చట్టమూ లేదు.

సానుభూతిపరులూ తక్కువ తినలేదు. 2015లో టర్కీ తీరాన విగతజీవిగా కనబడిన సిరియా బాలుని ఛాయాచిత్రం చూపి వాదం ముగించినవారున్నారు. కరుణరసం పండుతుంది. కాని కూలి తగ్గుతుందేమో, భద్రత ఏమవుతుందో అని అడిగే స్థానికునికి అది జవాబు కాదు. అతణ్ణి నిర్దయుడని తోసివేయడమూ ఒక టక్కే.

మరి గీటురాయి ఏది? ఆ బర్మా నుండే మనవాళ్ళూ వచ్చారు. 1942లో జపాను సేనలకు వెరచి లక్షలాది భారతీయులు, వారిలో తెలుగువారు, కొండలూ అడవులూ దాటి నడిచారు. ఎందరో దారిలోనే మరణించారు. 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరికొందరు ఓడలెక్కి తిరిగివచ్చారు. కోరంగి రేవు పేరుమీద అక్కడివారు మనవాళ్ళను 'కోరంగీలు' అనేవారు. రేవుకూలీల తగాదాతో మొదలైన 1930 మే నాటి రంగూను అల్లర్లలో ఆ కోరంగీలే హతులయ్యారు.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. ప్రత్యేక శరణార్థి చట్టమూ చేయలేదు. ఆశ్రయం చాలావరకు ప్రభుత్వ విచక్షణకు వదిలిన విషయం. ఆ విచక్షణపై ప్రజాభిప్రాయం ఒత్తిడి తెస్తుంది. ఆ అభిప్రాయాన్ని మన రాతలే కొంత తయారుచేస్తాయి.

ఆశ్రయం ఇవ్వరాదని వ్రాసే హక్కు మీకున్నది. అయితే ప్రచురించే ముందు ఆ వాక్యంలో రొహింగ్యా అన్నచోట కోరంగీ అని వేసి ఒకసారి పైకి చదవండి. అప్పుడూ న్యాయంగానే తోస్తే నిరభ్యంతరంగా ప్రచురించండి. గొంతులో ఏదైనా అడ్డుపడితే, కర్తను వెదికి వాక్యాన్ని తిరిగి వ్రాయండి.