ఆడపిల్ల పాట

"పదకొండు వందలు ఒకటోసారి... పదకొండు వందలు రెండోసారి..."

మొన్న వేసవిలో వజ్రపుకొత్తూరు దగ్గర మా మేనమామగారి తోటలో ఈ పాట విన్నాను. దేవుడి లడ్డూకో, చెరువులో చేపలకో జరిగిన వేలం కాదు. మా అత్త ఇంటిసామాను వేలం. పాడినవాళ్లు పరాయివాళ్లూ కాదు, ఆవిడ కన్నకొడుకులే.

మామయ్య పోయి ఏడాదయింది. ఆయన కాయకష్టంతో కొన్న తోట అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరీ, జీడీ సగానికి సగం ఒక్క పూటలో నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, అప్పుకి వడ్డీ మాత్రం నెలనెలా కాస్తుంది. పెద్దాడు పలాసలో జీడిపప్పు వ్యాపారం, నడిపివాడు విశాఖలో ఉద్యోగం, చిన్నాడు గల్ఫులో. తోట అమ్మేసి పంచుకుందామనుకున్నారు. సామాను మాత్రం తమలో తాము వేలం వేసుకుని, వచ్చిన డబ్బు మూడు పాళ్లు చేద్దామన్నారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వేలం చెడ్డ పద్ధతేం కాదు. గంగాళాన్ని మూడు ముక్కలు చెయ్యలేం కదా! నోరున్నవాడు లాక్కుపోయేకంటే, కావలసినవాడు ధర కట్టి తీసుకుని, ఆ డబ్బు అందరూ పంచుకోవడం న్యాయమే. నా పేచీ వేలంతో కాదు. పాడే హక్కు ఎవరికి ఉందన్నదే నా పేచీ.

భోషాణం అయింది, ఉయ్యాలబల్ల అయింది. గల్ఫు చిన్నాడు ఫోను తెరలోంచి పాడుతున్నాడు. తలుపు చాటునుంచి కోడళ్లు కళ్లతోనే "ఇంకో వంద" అంటున్నారు. అప్పుడు బుడితి ఇత్తడి బిందె వచ్చింది. నిజానికి ఆ బిందెతో ఎవరికీ పని లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుల భయం కొద్దీ మావాళ్లు తాగే నీళ్లు డబ్బాల్లో కొనుక్కుంటారు. అయినా మూడు వందల దగ్గర మొదలైన పాట పదకొండు వందలకి ఎక్కింది. అది బిందె ధర కాదు, రెండేళ్ల కిందట అన్నదమ్ములిద్దరికీ జీడిపిక్కల లెక్కలో వచ్చిన కోపం ధర!

అరుగు మీద కూర్చున్న అత్త మెల్లిగా అంది: "నాయనా, ఆ బిందె మా కన్నోరు సారెలో ఎట్టింది..."

"ఇంట్లో ఉన్నదంతా ఇంటిదే కదమ్మా!" అన్నాడు వేలం పెట్టిన పెద్దమనిషి.

టెక్కలిలో ఇచ్చిన పెద్దకూతురు లేచి నిలబడింది. "అయితే నానూ పాడతాను. పన్నెండొందలు!"

పెద్దమనిషి పకపకా నవ్వాడు. "ఆడపిల్ల పాట పెళ్లిపందిట్లో గానీ, వేలంలో ఏటమ్మా!"

అందరూ నవ్వారు. దాచుకోవడం ఎందుకు, నేనూ నవ్వాను. ఆడవాళ్ల కష్టాల మీద నవలలు రాసిన దాన్ని! ఆ నవ్వుకి ప్రాయశ్చిత్తంగానే ఇది రాస్తున్నాను.

వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా పాళ్లు వస్తాయని 1956లోనే హిందూ వారసత్వ చట్టం చెప్పింది. పిత్రార్జితం మాటా తేలిపోయింది. రామారావుగారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మా అత్తకి ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. తల్లితో కలిపి ఆరు పాళ్లు. మావాళ్లు వేసినవి మూడు! లెక్కల్లో నేనెప్పుడూ మొద్దునే, బి.ఏ. చదివిందాన్ని. నాకే అర్థమైన ఈ లెక్క, జీడిపిక్కలు లెక్క తప్పకుండా కొనేవాళ్లకి అర్థం కాలేదా?

ఇక బిందె సంగతి. పుట్టింటివాళ్లు ఇచ్చింది స్త్రీధనం. అత్తింట్లో ఉన్నంత మాత్రాన అది అత్తింటివాళ్లది అయిపోదని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "ఇంట్లో ఉన్నదంతా ఇంటిదే" అన్న పెద్దమనిషికి ఎవరైనా చెప్పండి.

"కట్నం ఇచ్చి పంపాం కదా!" అంటారు అన్నదమ్ములు. ఆ కట్నం పుచ్చుకున్నది ఆ పిల్లా, వియ్యంకుడా? పైగా 1961 నుంచీ నేరమైన కట్నాన్ని లెక్కలో చూపించి, చట్టం ఇచ్చిన వాటా కొట్టెయ్యడం ఏ పద్దు? "ఆడపిల్లలు అడిగితే కుటుంబంలో చిచ్చు" అనేవాళ్లూ ఉన్నారు. ఆ బిందె మీద పోరు పెట్టింది ఆడపిల్లలా?

అన్నిటికంటే నన్ను పొడిచింది ఇంకొకటి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను చూడండి. బాకీ తీర్చనివాడి ఇల్లు కోర్టువారు జప్తు చేసినా, అతని భార్యాబిడ్డల వంటపాత్రలు, మంచాలు, పరుపులు, అవసరమైన బట్టలు ముట్టకూడదు. తెల్లదొర రాసిన చట్టానికి బాకీదారు భార్య మీద ఉన్నపాటి జాలి, కన్నకొడుకులకి తల్లి మీద ఉండొద్దూ?

నేను కోరేది పెద్ద విప్లవం కాదు. వేలానికి ముందు తల్లిని పిలిచి "అమ్మా, నీవేవో నువ్వు తీసి పక్కన పెట్టుకో" అనండి. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆవిడ వాడుకునేవి పాటకి పెట్టకండి. కూతుళ్లని పసుపుకుంకుమల చీర పెట్టి సంతకాలకి మాత్రమే పిలవకండి, పంచేటప్పుడే పీట వేసి కూర్చోబెట్టండి. వాళ్లు వద్దనుకుంటే వాళ్లే వద్దంటారు. వద్దనే హక్కు కూడా, ఉందని ఒప్పుకున్నాకనే కదా వచ్చేది!

బిందె నడిపివాడికి పోయింది. సాయంత్రం నేను బస్సెక్కబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పుస్తకాలు రాస్తావట గదా కోడలా! ఆ బిందె ఎవరిదని రాస్తావు?"

నీదే అత్తా. ఇదిగో, రాశాను.