ఫోను మోగింది - ఎత్తాలా, వద్దా?

2024 సెప్టెంబరు 1వ తేదీని మా ఊరివాళ్ళు ఇప్పట్లో మరచిపోరు. మాది గరికపాడు. జగ్గయ్యపేట నుంచి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారి మీద, పాలేరు దగ్గర, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉంటుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్‌టీఆర్ జిల్లా. ముందురోజు నుంచి కుండపోతగా కురిసిన వానకు పాలేరు పొంగింది. మా ఊరి దగ్గర వంతెన దెబ్బతిన్నది. హైదరాబాదు - విజయవాడ రాకపోకలు నిలిచిపోయాయి.

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ కొడుకు ఆ రాత్రి హైదరాబాదు నుంచి బస్సులో వస్తూ కోదాడ దగ్గర చిక్కుకుపోయాడు. అతని ఫోనులో ఛార్జింగు అయిపోయింది. పక్క సీటు ప్రయాణికుణ్ణి బతిమాలుకొని, అతని ఫోను నుంచి తల్లికి మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ ఆవిడ ఎత్తలేదు. తెల్లవార్లూ కొడుకుకు ఏమైందో అని ఏడుస్తూ కూర్చున్నారు. ఫోను మాత్రం ఒళ్ళోనే ఉంది! మర్నాడు నేను అడిగితే ఆవిడ ఇలా అన్నారు: "తెలియని నంబరు కదా మాస్టారూ! మళ్ళీ ఆ లోను గొంతే అనుకున్నాను."

లోను గొంతు అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. "మీకు రుణం మంజూరైంది, ఒకటి నొక్కండి" అంటూ రికార్డు చేసిన గొంతు మీ ఇంట్లో కూడా వినిపించే ఉంటుంది. ఆవిడకు ఆ వారమంతా రోజుకు ఐదారుసార్లు అలాంటివి వచ్చాయి. విసిగిపోయి, పేరు కనిపించని నంబరు ఏదైనా సరే ఎత్తకూడదని నిర్ణయించుకున్నారు. ఆవిడది తప్పంటారా? నేననను.

"నాన్నా! పులి" కథ మీరందరూ చిన్నప్పుడే విన్నారు. ఆ కథలో అబద్ధం చెప్పినవాడే చివరికి నష్టపోయాడు. ఈ ఫోన్ల కథలో అలా జరగటం లేదు. అబద్ధమాడిన గొంతు హాయిగా ఉంది. నిజంగా పులి వచ్చిందని కేక వేసినవాడి మాటనే ఎవరూ వినటం లేదు. ఈ ఫోన్లవల్ల కలిగే అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం. డబ్బు పోగొట్టుకున్నవారి సంగతి పత్రికల్లో వస్తుంది. నమ్మకం పోగొట్టుకున్నవారి లెక్క ఎక్కడా రాదు.

రికార్డు చేసిన గొంతు ప్రతిదీ చెడ్డది కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎవరికి ఫోను చేసినా ముందు ఒక దగ్గు, ఆ తరువాత జాగ్రత్తలు వినిపించేవి. విసుగు పుట్టినా అది మన మంచికే. ఎన్నికల ముందు ఐవీఆర్ఎస్ పేరుతో వచ్చే సర్వే ఫోన్లు తెలుగువారికి బాగా అలవాటే. గొడవ యంత్రంతో కాదు. మన అనుమతి లేకుండా, తానెవరో దాచిపెట్టి, ఆ యంత్రాన్ని మన మీదకు వదిలేవారితో.

ఇంతకీ ఈ యంత్రం ఎలా పనిచేస్తుంది? ఒక కంప్యూటరులో లక్షల నంబర్ల జాబితా ఉంటుంది. అది ఒకేసారి వందల నంబర్లకు ఫోను చేస్తుంది. ఎవరైనా ఎత్తగానే రికార్డు వినిపిస్తుంది. మీరు ఒకటి నొక్కితే అప్పుడు మాత్రమే మనిషి మాట్లాడతాడు. అంటే ఏమన్నమాట? ఎర వేసే పని యంత్రానిది, గాలం లాగే పని మాత్రమే మనిషిది.

మరి నంబరును బట్టి పట్టుకోవచ్చు కదా అంటారు. ఉత్తరం కవరు మీద ఎడమ పక్కన పంపినవారి చిరునామా రాస్తాం. అది నిజమో కాదో తపాలా బంట్రోతు చూడడు. ఇంటర్‌నెట్ ద్వారా చేసే ఫోన్లలో పిలిచేవాడి నంబరు కూడా చాలావరకు అలాంటిదే. మోసగాడు విదేశంలో కూర్చొని, మన దేశపు నంబరు కనిపించేటట్లు చేయగలడు. ఇంకొందరు సిమ్ బాక్సు వాడతారు. ఒకే పెట్టెలో పదుల కొద్దీ సిమ్ కార్డులు పెట్టి, ఒకటి పోతే ఇంకొకటి తిప్పుతారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. అంకెలు కేవలం లెక్క కోసం నేను వేసుకున్నవి. ఒక్కో ఫోనుకు 10 పైసలు ఖర్చు అనుకుందాం. లక్ష ఫోన్లకు 10,000 రూపాయలు. లక్షమందిలో ఇద్దరే మోసపోయి, ఒక్కొక్కరు 20,000 పోగొట్టుకున్నారనుకుందాం. మోసగాడికి వచ్చినది 40,000. ఖర్చు పోగా లాభం 30,000. మిగిలిన 99,998 మందికి తలా అర నిమిషం పోయినా, మొత్తం 800 గంటలకు పైగా వృథా అయినట్లే! ఆ ఖర్చు మోసగాడి ఖాతాలో పడదు. అందుకే అతనికి ఇద్దరు చాలు.

జరిమానా వేస్తే ఆగడా? పదో తరగతివారు సంభావ్యత పాఠం గుర్తు చేసుకోండి. జరిమానా లక్ష రూపాయలు, పట్టుబడేది నూటికి ఒకసారి అనుకుందాం. సగటున అతనికి పడే భారం 1,000 రూపాయలే. జరిమానాను పది రెట్లు చేసి 10 లక్షలు చేశామనుకోండి, భారం 10,000. అయినా 20,000 లాభమే. ఇప్పుడు జరిమానా లక్షగానే ఉంచి, రెండుసార్లకు ఒకసారి పట్టుకోండి. భారం 50,000. అప్పుడు అతను దుకాణం కట్టేయక తప్పదు. చూశారా? కాగితం మీద శిక్ష ఎంత పెద్దదో కాదు, అది పడటం ఎంత ఖాయమో ముఖ్యం.

దీనికి అమెరికాలో జరిగింది మంచి ఉదాహరణ. మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్న దేశమే కాబట్టి, మీ బంధువులను అడిగినా ఈ బాధ గురించి చెబుతారు. అక్కడ రికార్డు ఫోన్లను అదుపు చేసే చట్టం 1991లోనే వచ్చింది. జరిమానాలూ భారీగానే వేశారు. అయితే 2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక లెక్క బయటపెట్టింది. 2015 నుంచి అక్కడి సమాచార కమిషన్ ఇలాంటి ఫోన్ల మీద వేసిన జరిమానాలు 20 కోట్ల 84 లక్షల డాలర్లు. వసూలైనది 6,790 డాలర్లు! భాగించి చూడండి. లక్ష డాలర్లకు సుమారు మూడు డాలర్లు. జరిమానా వేసే అధికారం కమిషన్‌ది, కోర్టుకు వెళ్ళి వసూలు చేయవలసింది న్యాయశాఖ. ఈ రెండింటి మధ్య దూరంలోనే డబ్బంతా జారిపోయింది.

మన దేశం సంగతి చూద్దాం. అక్కరలేని వ్యాపార ఫోన్లు వద్దనుకునేవారి కోసం 2007లో ఒక జాబితా మొదలైంది. 2010లో, 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. అయినా 2024 మొదటి ఆరు నెలల్లో, నమోదు చేసుకోకుండా వ్యాపార ఫోన్లు చేసేవారి మీద 7.9 లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు చేయడం తెలియక ఊరుకున్నవారి సంఖ్య వేరే ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధనలను బిగించింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, ఆ పంపినవారి మీద చర్య మొదలుపెట్టాలి. తప్పు మొదటిసారి రుజువైతే 15 రోజులపాటు అతని నుంచి ఫోన్లు బయటికి వెళ్ళవు. మళ్ళీ చేస్తే ఏడాదిపాటు అన్ని కనెక్షన్లూ తీసేస్తారు. ఇది మంచి అడుగే, కాదనను. కాని మళ్ళీ మన లెక్కకు రండి. సిమ్ బాక్సులో పదుల కార్డులు పెట్టుకున్నవాడికి ఒక నంబరుకు 15 రోజుల సెలవు ఇస్తే ఏం బాధ? మోసంతో సిమ్ సంపాదించినవారికి మూడేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతోంది. ఆ అంకె పెద్దదే. దాన్ని గుణించవలసిన సంభావ్యతే చిన్నది.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మోసగాడి వెంట పరుగెత్తడంకన్నా గుమ్మం దగ్గర కాపలా పెట్టడం మేలు. ప్రతి ఫోనూ ఏదో ఒక టెలిఫోను కంపెనీ గుమ్మం దాటే రావాలి. మోసగాడి చిరునామా మనకు తెలియకపోవచ్చు. కంపెనీ చిరునామా తెలుసు, దానికి ఆస్తులున్నాయి, లైసెన్సు ఉంది. ఒకే కనెక్షను నుంచి రోజుకు వేల ఫోన్లు, అవీ కొద్ది సెకన్లలో ముగిసేవి, వెళుతుంటే అది మనిషి పని కాదని కంపెనీ కంప్యూటరు ఇట్టే గుర్తించగలదు.

ఇది నా ఊహ కాదు. 2024 ఆగస్టు 13న ట్రాయ్ కంపెనీలకు గట్టిగా ఆదేశం ఇచ్చింది. సెప్టెంబరు మొదటి వారానికల్లా 2.75 లక్షల కనెక్షన్లు తీసేశారు, 50 సంస్థలను నిషేధ జాబితాలో పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో, విదేశాల నుంచి మన నంబర్ల వేషంలో వచ్చే ఫోన్లను సరిహద్దులోనే ఆపే ఏర్పాటు జరిగింది. మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల ఫోన్లు ఆగిపోయాయని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. నెల తిరగకుండా ఇంత చేయగలిగినవారు, అంతకుముందు ఎందుకు చేయలేదని అడిగే హక్కు మనకుంది.

"మేము రోడ్డులాంటివాళ్ళం, రోడ్డు మీద దొంగ నడిస్తే రోడ్డుది తప్పా?" అని కంపెనీల తరఫున ఎవరైనా అడగవచ్చు. రోడ్డు మీద ప్రతి బండికీ టోలు వసూలు చేసుకునేవారు, నంబరు ప్లేటు లేని బండిని కూడా వదిలేస్తే తప్పే. గుమ్మంలోనే ఆపితే నిజమైన ఫోన్లు కూడా ఆగిపోవా అనేది ఇంతకన్నా మంచి ప్రశ్న. ఆగవచ్చు. అందుకే పొరపాటున ఆపిన కనెక్షనును వెంటనే పునరుద్ధరించే ఏర్పాటు కూడా ఉండాలి. గుమ్మం దాటి వచ్చిన ప్రతి దొంగ ఫోనుకూ కంపెనీ కొంత కట్టవలసి వస్తే, కాపలా తనంతట తానే గట్టిపడుతుంది.

2025 నిబంధనలు కంపెనీల మీద కూడా జరిమానా పెట్టాయి. కాని అది ఇలాంటి ఫోన్ల సంఖ్యను తప్పుగా లెక్క చెబితే పడేది: మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షలు. తప్పు లెక్కకే కాదు, తప్పు ఫోనుకూ వెల కట్టాలన్నది నా కోరిక.

అంతవరకు మీరు చేయగలిగినదీ ఉంది. ఇంట్లో అమ్మమ్మకో, తాతయ్యకో వచ్చిన అక్కరలేని ఫోను నంబరు, తేదీ, వేళ ఒక నోటుబుక్కులో రాయండి. ఏడు రోజుల్లోపల 1909కు ఫిర్యాదు చేయించండి. ఐదు ఫిర్యాదులకు చర్య మొదలవుతుందన్నాం కదా! ఒక తరగతిలో ఐదు ఇళ్ళవాళ్ళు పూనుకుంటే చాలు. మోసమనే అనుమానం వస్తే సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలపండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. వ్యాపార ప్రకటనలకు 140తోను, బ్యాంకులు, ప్రభుత్వ శాఖల వంటివారి సేవా సమాచారానికి 1600తోను మొదలయ్యే నంబర్లు కేటాయించారని పెద్దలకు చెప్పండి. ఏ గొంతు అడిగినా ఓటీపీ మాత్రం చెప్పవద్దనండి.

మా వీధి పెద్దావిడ కొడుకు మూడోనాడు క్షేమంగా ఇల్లు చేరాడు. ఇప్పుడు తల్లీ కొడుకులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతను వేరే ఫోను నుంచి చేయవలసివస్తే ముందుగా "అమ్మా, నేనే" అని మెసేజి పంపుతాడు. ఆవిడకు చదవడం రాదు. పక్కింట్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి చదివి పెడుతుంది. మంచి ఏర్పాటే. కాని ఫోను మోగితే నిర్భయంగా ఎత్తగలగటానికి, ఒక తల్లికి ఇంత ఏర్పాటు అవసరమా అన్నది మీరే ఆలోచించండి.