చలికి కారు స్టార్ట్ కావట్లేదా? తప్పు డిసెంబర్‌ది కాదు.. మే నెలది!

సికింద్రాబాద్, తిరుమలగిరి: తెల్లవారుజామున 5 గంటలు. రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన కారు. అద్దాల నిండా మంచు తేమ. సెల్ఫ్ కొడితే టక్.. టక్.. టక్. డ్యాష్‌బోర్డ్ లైట్లు ఒక్కసారి వెలిగి మసకబారతాయి. ఇంజిన్ మాత్రం తిరగదు. నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచిన బండి పొద్దున్నే ఎందుకిలా మొండికేసింది?

చలి పంజా విసిరిన ప్రతిసారీ కనిపించే సీన్ ఇది. ఎయిర్‌పోర్ట్ డ్రాప్ ఒప్పుకున్న క్యాబ్ డ్రైవర్‌కు ఆ పూట సంపాదన గల్లంతు. పిల్లల్ని ఎక్కించుకోవాల్సిన స్కూల్ వ్యాన్ ఆలస్యం. 'అంతా ఈ చలి వల్లే' అని తిట్టుకుని కొత్త బ్యాటరీ కొనేస్తారు. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఆ బ్యాటరీ దెబ్బతిన్నది డిసెంబర్‌లో కాదు. మే నెల ఎండలో!

మన చలి ఎంత?

ముందు లెక్క చూద్దాం. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువకు పడిపోయి, సాధారణం కంటే 4.5 డిగ్రీలకు పైగా తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులుగా ప్రకటిస్తుంది. హైదరాబాద్ రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. అంటే ఈ నగరంలో నీళ్లు గడ్డకట్టే చలి ఎప్పుడూ రాలేదు. ఇనుము కాలిపోయే ఎండ మాత్రం ఏటా వస్తుంది. కారు గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట వైపు చలి కాస్త గట్టిగానే ఉంటుంది. కారణం సింపుల్. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. కాంక్రీటు, తారు మాత్రం పగటి వేడిని దాచుకుంటాయి. కంటోన్మెంట్‌లో ఖాళీ మైదానాలు, చెట్లు ఎక్కువ కాబట్టి అమీర్‌పేట, కోఠి లాంటి ఇరుకు బస్తీల కంటే ఇక్కడ పొద్దుగాల చలి ఎక్కువ. నగరానికి అవతలి వైపున్న రాజేంద్రనగర్, పటాన్‌చెరులలో కనిష్ఠం సింగిల్ డిజిట్‌కు పడిపోయే రోజులకూ ఇదే కారణం.

రీల్స్ చూసి మోసపోవద్దు

చలి మొదలవగానే ఫోన్లలో 'వింటర్ కార్ టిప్స్' రీల్స్ మొదలవుతాయి. వింటర్ టైర్లు వేయించండి, ఇంజిన్‌కు హీటర్ పెట్టండి, డిక్కీలో పార, ఇసుక మూట ఉంచుకోండి.. చాలావరకు ఇవి అమెరికా, కెనడా వీడియోలకు తెలుగు మాటలు అతికించినవే. డెట్రాయిట్‌లోనో, మిన్నెసోటాలోనో ఉంటున్న మనవాళ్లకు అవి నిజంగానే అవసరం. 2021 ఫిబ్రవరిలో మనలాంటి వేడి ప్రాంతమైన టెక్సాస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. ఆ నెల 11న ఫోర్ట్‌వర్త్‌లో గడ్డకట్టిన రోడ్డుపై 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొని ఆరుగురు చనిపోయారు. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఆ చలిని కళ్లారా చూశాయి. లద్దాఖ్‌లో అయితే డీజిలే గడ్డకడుతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో అక్కడి కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది. తిరుమలగిరిలోనే ఉన్న ఎంసీఈఎంఈ.. అదే, సైన్యం ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీరింగ్ కాలేజీ.. అందులో శిక్షణ పొందినవాళ్లు రేపు ఏ కొండల్లో పోస్టింగ్ పడినా ఈ సమస్యలు ఎదుర్కోవాల్సిందే.

కానీ లాల్‌బజార్‌లో పార్క్ చేసిన కారుకు ఇవేవీ అక్కర్లేదు. ఆ డబ్బుతో బ్యాటరీ చెక్ చేయించుకుంటే సరిపోతుంది.

బ్యాటరీ లోపల జరిగేది ఇదీ

కారులో ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పనిచేసేది రసాయన చర్యతో. చలికి ఆ చర్య నెమ్మదిస్తుంది. 27 డిగ్రీల దగ్గర నూటికి నూరు ఇచ్చే బ్యాటరీ 0 డిగ్రీల దగ్గర సుమారు 80 శాతమే ఇస్తుంది. మన 10 డిగ్రీల చలికి తగ్గేది దాదాపు పదో వంతు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి ఇదొక లెక్కే కాదు.

ఇక్కడే అసలు విషయం. వేడి పెరిగే కొద్దీ బ్యాటరీ లోపలి ప్లేట్లు త్వరగా తుప్పు పడతాయి, నీరు ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది మెకానిక్‌ల నుంచి ఇంజినీర్ల దాకా అందరూ వాడే మోటు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారు బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. అప్పుడే బ్యాటరీ సగం చచ్చిపోతుంది. అయినా ఎండాకాలంలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి సంగతి బయటపడదు. డిసెంబర్‌లో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటార్‌కు ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. అటు బ్యాటరీ ఇచ్చే బలం తగ్గుతుంది. రెండూ ఒకే పొద్దున కలిసొస్తాయి.. కారు ఆగిపోతుంది.

పరీక్ష పెద్ద పనేం కాదు. రాత్రంతా ఆగి ఉన్న కారులో మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 చూపిస్తే చార్జ్ సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టే క్షణంలో 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ రోజులు దగ్గరపడినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంత రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటర్‌ది. అప్పుడు కొత్త బ్యాటరీ వేయించినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే కథ. షాపువాళ్లు ఈ ఒక్క చెక్ చేయకుండా బ్యాటరీ అంటగడితే నష్టం ఓనర్‌దే కాబట్టి, అడిగి మరీ చేయించుకోవాలి. టర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కూడా చాలాసార్లు అసలు విలన్ అవుతుంది. దాన్ని శుభ్రం చేసి బిగిస్తే కొన్ని 'డెడ్' బ్యాటరీలు లేచి కూర్చుంటాయి!

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు 'మాకీ గొడవ లేదు' అనుకోవద్దు. వాటిలోనూ లైట్లు, లాక్‌లు, కంప్యూటర్ల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా బండి కదలకపోవచ్చు.

పక్కింటి కారుతో జంప్ స్టార్ట్ చేసేవాళ్లు తొందరపడొద్దు. ఎర్ర వైరు ముందు ఆగిపోయిన కారు ప్లస్‌కు, తర్వాత నడుస్తున్న కారు ప్లస్‌కు. నల్ల వైరు నడుస్తున్న కారు మైనస్‌కు, చివరి కొస ఆగిపోయిన కారు ఇంజిన్‌పై రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ మీదే పెడితే నిప్పురవ్వకు అక్కడి వాయువు అంటుకునే ప్రమాదం ఉంది. వైర్లు తారుమారైతే ఫ్యూజులు, కంప్యూటర్ బాక్సు కాలిపోయి వేలల్లో బిల్లు. ఆటోమేటిక్ కారును నలుగురు కలిసి తోసినా స్టార్ట్ కాదు, ఆ శ్రమ దండగ.

అన్నట్టు, ఇంకో మాట. చల్లటి రాత్రుల్లో ఇంజిన్ వేడి కోసం ఎలుకలు, పిల్లులు బానెట్ కిందికి చేరతాయి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టేముందు బానెట్‌పై రెండు దెబ్బలు చరచడం మంచిది. వైర్లు కొరికేసిన ఎలుకలకు బ్యాటరీతో సంబంధం లేకపోయినా లక్షణం మాత్రం ఒకటే.. కారు స్టార్ట్ కాదు.

స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు రేస్ చేయడం కార్బురేటర్ కాలం నాటి అలవాటు. ఇప్పటి కార్లకు అర నిమిషం చాలు, ఆ తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనిస్తే సరి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోసేవాళ్లు కూలెంట్‌కు మారాలి. అది గడ్డకడుతుందని కాదు, తుప్పు పడుతుందని.

గాలి తగ్గింది, అద్దం మసకబారింది

ఉష్ణోగ్రత 5 నుంచి 6 డిగ్రీలు తగ్గితే టైర్‌లో గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో గాలి కొట్టించిన టైర్‌లో, మరుసటి పొద్దున 10 డిగ్రీలకు 3 పీఎస్‌ఐ పైనే తగ్గి ఉంటుంది. కాబట్టి బండి నడవకముందే చెక్ చేయించాలి, స్టెప్నీతో సహా.

ముందు అద్దం లోపలి వైపు మసకబారితే చాలామంది చేత్తోనో, పాత గుడ్డతోనో తుడుస్తూ నడుపుతారు. ఆ మసక మనం వదిలిన ఊపిరిలోని తేమే. ఏసీ ఆన్ చేసి, వేడి వైపు తిప్పి, గాలిని అద్దం మీదికి పెడితే నిమిషంలో పోతుంది. ఏసీ తేమను పీల్చేస్తుంది, చలికాలంలో దాని అసలు ఉపయోగం ఇదే. గాలి లోపలే తిరిగే మోడ్ మాత్రం ఆపేయాలి. వేడి నీళ్లు గుమ్మరిస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది.

ప్రాణం తీసేది పొగమంచే

కారు స్టార్ట్ కాకపోతే పోయేది ఒక పూట. స్టార్ట్ అయి పొగమంచులోకి వెళ్తేనే అసలు ముప్పు. తిరుమలగిరి నుంచి రాజీవ్ రహదారి ఎక్కి లోతుకుంట, అల్వాల్, హకీంపేట దాటితే శామీర్‌పేట. అక్కడ చెరువు, పొలాలు, ఖాళీ జాగాలు. తెల్లవారుజామున పొగమంచుకు అన్నీ అనువైనవే. ఆ పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. 2023లో ఔటర్‌పై గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ 120 రోడ్డు కనిపిస్తున్నప్పటి సంగతి.

వాతావరణ శాఖ భాషలో 200 మీటర్ల లోపు కనిపిస్తే దట్టమైన పొగమంచు, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైన పొగమంచు. ఇప్పుడు బ్రేక్ లెక్క చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందున్నది లారీ అని గుర్తించి కాలు బ్రేక్ మీదికి చేరే ఒకటిన్నర సెకనులో 33 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డుపై మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 35. మొత్తం దాదాపు 70 మీటర్లు. కనిపించేదేమో 50. మిగతా 20 మీటర్లు లారీ కిందే! అదే 40 కిలోమీటర్ల వేగంలో 26 మీటర్లకు ఆగిపోవచ్చు. 120లో అయితే 130 మీటర్ల దాకా పడుతుంది.

లైట్ల విషయంలోనూ పొరపాటే ఎక్కువ. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగు నీటి బిందువులకు తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది, ముందు తెల్ల గోడ తప్ప ఏమీ కనిపించదు. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు. నడుస్తున్నంతసేపూ నాలుగు ఇండికేటర్లు వెలిగిస్తే ఆ కారు ఆగిందా, కదులుతోందా, ఎటు తిరుగుతోందో వెనుకవాళ్లకు అర్థం కాదు. అవి ఆగినప్పటికే. ఆగాల్సి వస్తే రోడ్డు అంచున కాదు.. పెట్రోల్ బంకు, దాబా, టోల్ ప్లాజా లాంటి చోట.

ఇదంతా కారు ఓనర్ జాగ్రత్త. కానీ టెయిల్ లైట్ లేని లారీ చీకట్లో రోడ్డు పక్కన నిలబడి ఉంటే ఎంత జాగ్రత్త పడ్డా ఏం లాభం? లారీల వెనుక రిఫ్లెక్టివ్ టేప్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. చాలా లారీలకు అది ఊడిపోయో, మట్టి కొట్టుకుపోయో కనిపిస్తుంది. హెల్మెట్ ఫొటోలపై ఉన్న శ్రద్ధ చలికాలం రాత్రుల్లో వీటిపైనా పెడితే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. ఉత్తరప్రదేశ్‌లో యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై ఏటా డిసెంబర్ 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు వేగ పరిమితిని తగ్గిస్తున్నారు. మన దగ్గర పొగమంచు అక్కడంత కాలం ఉండదు, నిజమే. అయినా ఆ కొన్ని గంటలకైనా బోర్డుపై అంకె మార్చడం కష్టమైన పనేం కాదు.

కారులో నిద్రపోతున్నారా?

చలికి అద్దాలన్నీ మూసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోయే డ్రైవర్లు ఎక్కువే. సెల్లార్‌లోనో, గోడ పక్కనో ఇలా చేస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోంచి లేపదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన ఈ వాయువే కారణమని తేలింది. టెక్సాస్ తుపానులోనూ వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇంజిన్ ఆపి, దుప్పటి కప్పుకుని, అద్దం రెండు వేళ్లు దించి పడుకోవాలి.

సంక్రాంతికి ఊరెళ్లే కార్లు విజయవాడ హైవే ఎక్కే రోజులూ ఇవే. పంతంగి టోల్ దగ్గర క్యూ తప్పించుకోవాలని చాలామంది తెల్లవారుజామున 3 గంటలకే బయల్దేరతారు. సూర్యాపేట, కోదాడ చేరేసరికి సరిగ్గా పొగమంచు వేళ. బ్యాటరీ మూడేళ్లు దాటిందా, టైర్‌పై నాలుగంకెల కోడ్‌లో చివరి రెండు ఏ సంవత్సరాన్ని చూపిస్తున్నాయో బయల్దేరే వారం ముందే చూసుకోవాలి. ఆ రోజు మాత్రం రెండు గంటలు ముందు కాదు, నాలుగు గంటలు ఆలస్యంగా.. ఉదయం 7 దాటాక తాళం తీయడం మేలు. టోల్ దగ్గర క్యూలో అరగంట ఎక్కువ పట్టినా సరే.