మళ్ళీ అక్కడికేనా?

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో పిహెచ్.డి. చేస్తున్నాను. కిందటి వేసవిలో ఒక పెద్ద కంపెనీలో మూడు నెలలు ఇంటర్న్‌గా పనిచేశాను. వచ్చే వేసవికి మళ్ళీ రమ్మని వాళ్ళు ఉత్తరం పంపారు. ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదట. ఈలోగా ఇంకో కంపెనీ ఇంటర్వ్యూల్లో నెగ్గాను. ఎక్కడికి వెళ్ళాలి? ఇది నా సొంత గొడవ, హక్కుల పత్రికలో దీనికేం పని అని మొదట నాకూ అనిపించింది. నలుగురి సలహాలూ విన్నాక ఇక్కడే రాయాలనిపించింది.

తోటి విద్యార్థులు "రెండు కంపెనీల పేర్లుంటే బయోడేటాకు బలం, మారిపో" అన్నారు. మా గైడు "సగంలో ఆగిన పని పూర్తయితే థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది, వెళ్ళు" అన్నారు. అమ్మ ఫోనులో "తెలిసినచోటు కదమ్మా, కొత్తవాళ్ళు ఎలాంటివాళ్ళో ఏమో" అంది. ఆ తెలిసినచోట ఏం జరిగిందో అమ్మకు నేను చెప్పలేదు.

జరిగింది పత్రికల్లోకెక్కే ఘోరమేమీ కాదు. మా బృందం పెద్ద ప్రతివారం సమావేశంలో నా ఫలితాలను పక్క సీటు అబ్బాయి పేరుతో చెప్పేవాడు. సరిదిద్దితే నవ్వేసి "ఇద్దరిదీలే" అనేవాడు. పెళ్ళెప్పుడు, అయ్యాక ఇక్కడే ఉంటావా, ఇండియా వెళ్ళిపోతావా అని ఆ అబ్బాయిని ఒక్కసారీ అడగలేదు. నన్ను మూడుసార్లు అడిగాడు. చివరికి పేపరు రాసినప్పుడు, ప్రయోగాలు దాదాపు అన్నీ నావే అయినా నా పేరు మూడోది. మా రంగంలో మొదటి పేరంటే పని చేసిన మనిషి, మూడో పేరంటే సాయం చేసిన మనిషి. వంటంతా చేసి వడ్డన వేళకు కనబడకుండా పోయే మనిషి మన ఇళ్ళల్లో కొత్తేం కాదు కదా!

అప్పుడే ఎందుకు అడగలేదని ఒక స్నేహితురాలు కోప్పడింది. నా విద్యార్థి వీసా మీద వేసవి పనికి అనుమతి ఒక్క కంపెనీకే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకానే ఉంటుంది. మధ్యలో మానేసి ఇంకోచోట చేరాలంటే మళ్ళీ విశ్వవిద్యాలయం నుంచి కొత్త అనుమతి రావాలి. అంతలో వేసవి అయిపోతుంది. ఇలా పూర్తికాలం పనిచేసిన రోజులన్నీ కలిపి 12 నెలలకు చేరితే, చదువయ్యాక ఈ డిగ్రీ మీద పనిచేసుకునే అవకాశమే పోతుంది. అంటే మూడేసి నెలల వేసవులు నాలుగు కూడా నిండకూడదు. ఒక్కో వేసవినీ చిల్లర లెక్కపెట్టినట్టు ఖర్చుపెట్టుకోవాలి. అలాంటప్పుడు మనిషి నోరు దానంతటదే మూతపడుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. జీతం తీసుకునే ఇంటర్న్ ఉద్యోగే. వివక్ష మీద ఫెడరల్ సంస్థకు ఫిర్యాదు చెయ్యడానికి 180 రోజులు, రాష్ట్రానికి సొంత సంస్థ ఉన్నచోట 300 రోజులు గడువు. జీతం లేని ఇంటర్న్‌ల గతి వేరు. 2013లో న్యూయార్క్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, జీతం లేని ఇంటర్న్ ఉద్యోగి కాదు కనుక ఆమె లైంగిక వేధింపుల ఫిర్యాదు నగర మానవహక్కుల చట్టం కిందికి రాదన్నారు. గొడవయ్యాక 2014లో ఆ నగరం చట్టాన్ని సవరించుకుంది. మన దేశంలో 2013 నాటి చట్టం మాత్రం శిక్షణలో ఉన్నవాళ్ళను కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. ఈ ఒక్క విషయంలో మనమే ముందున్నాం. అయితే మూడో పేరు ఏ చట్టం కింద నేరం? పెళ్ళి ప్రశ్నలకు సాక్ష్యం ఎక్కడ తేవాలి?

మళ్ళీ పిలిచారంటే పని నచ్చిందనే అర్థం. ఆ పని నాదని ఒప్పుకున్నట్టు కాదు. అలాగని "మారిపో" అనే సలహా కూడా నాకు నచ్చలేదు. కారణం చెప్పకుండా మారిపోతే నష్టం ఎవరికి? ఆ సీట్లో ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటుంది.

అందుకని కంపెనీకి రెండు షరతులు రాశాను. వేరే బృందం పెద్ద కావాలి. రాబోయే పేపర్లలో పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారో పని మొదలవకముందే కాగితం మీద ఉండాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోది "మా పద్ధతి కాదు" అన్నారు. సరే, నేను రానని రాసి, ఎందుకు రావడం లేదో కూడా పేరాలు పేరాలుగా రాశాను. జవాబుగా మర్యాదపూర్వకమైన రెండు వాక్యాలు వచ్చాయి.

నష్టం నాకూ ఉంది. అక్కడ రాసిన ప్రోగ్రాములు, సేకరించిన సమాచారం అన్నీ కంపెనీ సొత్తు. ఆ అధ్యాయం పోయినట్టే. థీసిస్ ఆరు నెలలైనా వెనక్కి జరుగుతుంది. కొత్తచోట ఆ కాగితం ముందే అడిగాను. ఇచ్చారు.

కిందటి వారం మా విభాగంలోని జూనియర్ అమ్మాయి ఒకరు ఫోను చేసింది. అదే బృందం నుంచి ఆమెకు పిలుపు వచ్చిందట. గంటన్నర మాట్లాడుకున్నాం, ఆ మనిషి పేరుతో సహా. ఆమెకు ఇంకో అవకాశం లేదు. ఫెలోషిప్ మేతో అయిపోతుంది, వేసవి అద్దె కట్టాలి. ఏం అడగాలో, ఎవరిని అడగాలో ఇద్దరం కూర్చుని ఉత్తరం రాస్తున్నాం.